సాగే పైపు, మామ్మ తలంటు

గుమ్మడివలసలో తెలివంతా తమ ఇంట్లోనే పుట్టిందని పైడిరాజుకీ, తమ్ముడు సూరిదేముడుకీ గట్టి నమ్మకం. ఇంటికెవరైనా వస్తే మంచినీళ్ళ కన్నా ముందు సలహా ఇచ్చేవాళ్ళు. పైడిరాజు పెళ్ళాం రావులమ్మ మాత్రం తక్కువదా! వానలో గొడుగు తడిసిపోతుందని కొంగు కింద దాచి తెచ్చిన మనిషి.

ఆ తెలివి అంటనిది ఒక్క మామ్మకే. మార్గశిరం చలికి ఆవిడ కీళ్ళు పట్టేశాయి.

"ఒరే, లక్ష్మివారం నాటికి కుళాయి తిప్పితే నాకు వేడినీళ్ళు రావాల. లేదంటే నా కూతురింటికి పోతాను, మరి రాను" అని తేల్చి చెప్పేసింది.

మామ్మంటే అన్నదమ్ములకి ప్రాణం. ఇంకేముంది, మేడ మీద సోలారు ట్యాంకు పెట్టించేశారు. ప్లంబరు గౌరీసు వచ్చి చూశాడు.

"ఇక్కణ్ణుంచి బాత్రూం దాకా ప్లాస్టిక్ పైపు కొని ఉంచండి బాబూ, బిగిస్తాను. వేడినీళ్ళు పోతే అది సాగుతాది, చల్లారితే ముడుచుకుంటాది. అందుకే బిగదీసి కట్టకూడదు. మధ్యలో వంపు పెట్టి, చివర చోటు వదలాల" అని చెప్పి వెళ్ళాడు.

"సాగేదాన్ని ఎవడైనా పొడుగ్గా కొంటాడేటి?" అన్నాడు పైడిరాజు.

"బాగా చెప్పావన్నా! పొట్టిది కొందాం. వేడి తగిలితే అదే సాగి బాత్రూంలోకి వచ్చేస్తాది. గౌరీసు కూడా ఎందుకు, మనం లేమూ!"

అంతే. పొట్టి పైపు తెచ్చి ట్యాంకుకి తగిలించారు. అది వంటింటి కిటికీ దగ్గరే ఆగిపోయింది. లక్ష్మివారం పొద్దున్నే మామ్మ తలకి నూనె రాసుకుని, రగ్గు కప్పుకుని బాత్రూంలో పీటేసుకుని కూర్చుంది. సూరిదేముడు ట్యాంకు కుళాయి తిప్పాడు. వేడినీళ్ళు కిటికీలోంచి సరాసరి రావులమ్మ దోసెల పిండిలో పడ్డాయి.

"సాగుతోందేటిరా?"

"సాగిందన్నా! గోరంత!"

"పాపం, దానికీ చలేస్తున్నట్టుంది. ఏదైనా కప్పండి" అంది రావులమ్మ పిండి తుడుచుకుంటూ.

ఇంకేముంది, మామ్మ మీది రగ్గు లాక్కొచ్చి పైపుకి చుట్టేశారు.

"ఒరే, నాకు చలిరా!"

"ఓర్చుకో మామ్మా, అది ఎదిగేది నీ కోసమే కదా!"

ఎదగలేదు. చోటు వదల్లేదు, అందుకే రావట్లేదని తేల్చాడు పైడిరాజు. అంతే, దారిలో ఉన్న మంచం, బియ్యం డబ్బా, తిరగలి అన్నీ వీధిలోకి పోయాయి. చివరికి మామ్మని కూడా పీటతో సహా ఎత్తుకెళ్ళి వీధి అరుగు మీద కూర్చోబెట్టారు. నెత్తిన నూనె, చుట్టూ మంచు, వచ్చేపోయే జనం! మామ్మకి ఏడుపొక్కటే తక్కువ.

"నా సంచీ తెండిరా! ఈ పూటే పోతాను!"

అన్నదమ్ములు బావురుమని, పరుగున పోయి గౌరీసుని లాక్కొచ్చారు. అతను నెత్తి కొట్టుకున్నాడు.

"సాగేది గోరంతే బాబూ! ఆ గోరంతకి చోటు లేకపోతే పైపు వంకరపోయి అతుకులు ఊడతాయని చోటు వదలమన్నాను గానీ, అదే నడిచొస్తాదని చెప్పానా?"

ఇంకో ముక్క అతికి, మధ్యలో వంపు పెట్టి, క్లాంపులు వదులుగా వేసి వెళ్ళిపోయాడు. బాత్రూం కుళాయిలోంచి పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి. మామ్మ తలుపేసుకుని చెంబు మీద చెంబు పోసుకుంది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఎక్కడికీ పోనులే నాయనా!" అని లోపల్నించి కేకేసింది.

అన్నదమ్ములకి ఆనందం పట్టలేదు. అంతలో సూరిదేముడు బాత్రూం గుమ్మం కేసి చూసి తెల్లబోయాడు.

"అన్నా! వేడినీళ్ళు తగిలితే సాగుతాదన్నాడు కదా. మామ్మ ఇందాకట్నించీ పోసుకుంటోంది. ఇంత చిన్న గుమ్మంలోంచి బయటికెలా వస్తాది?"

"ఓలమ్మో! చల్లారితే ముడుచుకుంటాదన్నాడు కదా, బేగి రండి!" అంది రావులమ్మ.

అంతే, నూతి దగ్గరికి పరుగో పరుగు. మామ్మ హాయిగా తల తుడుచుకుని, పొడి చీర కట్టుకుని తలుపు తీసింది. తీయడమే ఆలస్యం, చెరో బిందెడు చన్నీళ్ళు నడినెత్తిన కుమ్మరించారు. మామ్మ గజగజా వణికి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అక్కడే ముడుచుకుపోయింది.

"చూశావా అన్నా, సరిగ్గా పట్టింది!" అని, ఇద్దరూ ఆవిడని జాగ్రత్తగా గుమ్మం దాటించారు.