పాడే ఆవిడ ఎక్కడ కూచుంది

మూడేళ్లయినా ఖాదర్ మాస్టారు తనని ఆ ఒక్క మాట చెప్పనివ్వలేదని పైడిరాజుకి కోపం.

మాట పెద్దదేం కాదు. "పంపొచ్చు." అంతే. వైజాగ్ పాత ఊళ్లో, హార్బరు రోడ్డు వెనక సందులో మాస్టారి రిపేరు కొట్టు. ఆంప్లిఫయరు గానీ స్పీకరు గానీ బాగుచేశాక, దాని ముందు ఒకరు స్టూలు మీద కూచుని పాట మొత్తం వినాలి. విన్నవాళ్లు "పంపొచ్చు" అంటేనే సరుకు గుమ్మం దాటేది. ఆ స్టూలు మీద ఇప్పటిదాకా మాస్టారు తప్ప ఇంకెవరూ కూచోలేదు.

"సోల్డరింగు నాది. వైండింగు నాది. దుమ్ము దులపడం నాది. మాట మాత్రం మీది," అన్నాడు పైడిరాజు ఒకరోజు.

"అవును," అన్నారు మాస్టారు.

"మీకు డెబ్బయ్యేళ్లు. నా చెవి మీ చెవి కన్నా కుర్రది."

"అదీ నిజమే."

అన్నిటికీ ఇలా ఒప్పేసుకునే మనిషితో ఏం పోట్లాడతాం. పైడిరాజుకి ఇంకా మండింది.

అతని చెవి సంగతి మాస్టారికి తెలీక కాదు. పాలిటెక్నిక్ రెండో ఏడు మానేసి ఊరంతా తిరుగుతున్న రోజుల్లో ఈ కొట్టు ముందు ఆగి, "లోపల ఏదో ట్రాన్స్‌ఫార్మరు ఏడుస్తోంది, చూసుకోండి," అని చెప్పి పోయింది వీడే. మాస్టారు చూస్తే నిజమే. మనిషిని పంపి మరీ పిలిపించి పనిలో పెట్టుకున్నారు.

పనిలో చేరాక వీడికి పత్రికల పిచ్చి పట్టింది. ఓడల్లో వచ్చే తెల్లవాళ్లు చదివి వదిలేసిన, స్పీకర్ల గురించి రాసే హైఫై పత్రికలు హార్బరు గేటు దగ్గర నూకాలమ్మ పాత కాయితాల కొట్టుకి చేరేవి. అవి పల్లీల పొట్లాలకి పోకముందే వీడు వెళ్లి కట్టలు విప్పి ఏరుకునేవాడు.

"ఏటి బాబూ, కాయితం సెవికాడ ఎట్టుకుంటే పాట ఇనిపిస్తాదేటి?" అని నూకాలమ్మ ఎక్కిరించేది.

"నీకు తెలీదులే."

"నాకు తెల్దు గానీ, అన్నీ పెట్టెల బొమ్మలే. ఒక్క మనిసి బొమ్మ లేదు. ఎవులు సూత్తారు నాయినా?"

నలభై ఒక్క సంచికలు పోగేశాడు. ఉప్పునీళ్లకి తడిసి అంటుకుపోయినవాటిని బల్ల దీపం కింద ఆరబెట్టి ఒక్కో పేజీ విడదీశాడు. డిక్షనరీ ముందేసుకుని చదివాడు. ఏ స్పీకరు గురించి ఏ నెలలో ఏం రాశారో అడిగితే పేజీ నంబరుతో సహా చెప్పేవాడు. ఒక ఇంగ్లండు స్పీకర్ల జత మీద సమీక్ష సగమే దొరికితే, మిగతా సగం వచ్చిన సంచిక కోసం ఎనిమిది నెలలు తిరిగి సంపాదించాడు.

సరిగ్గా ఆ స్పీకర్లే కొట్టుకి వచ్చాయి.

తెచ్చింది పళ్ల డాక్టరు సుదర్శనం గారు. ఆయనకీ అదే పిచ్చి. పైడిరాజు దగ్గర పత్రికలు అడిగి తీసుకెళ్లి చదువుకునేవారు. ఇంగ్లండు జత అది, ఎవరో ఓడ కెప్టెను అమ్మితే కొన్నారు. లోపల స్పంజి పట్టీలు పొడిపొడిగా రాలిపోతున్నాయి.

"ఈ జతకి మాట నేను చెప్తా," అన్నాడు పైడిరాజు. "కాదంటే రేపట్నించి రాను."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చెప్పు. స్టూలు నీదే."

నాలుగు రోజులు కూచుని పట్టీలు మార్చాడు. ఐదో రోజు నాలుగింటికి డాక్టరు గారు వస్తానన్నారు. మూడున్నరకి పెట్టెలు రెండూ బల్ల మీద నిలబెట్టాడు. ఒళ్లో పత్రిక తెరిచిపెట్టుకుని, దాని వంక చూస్తూనే తీగలు తగిలించాడు. కొట్లో పరీక్షకి వాడే క్యాసెట్టు ఎప్పుడూ ఒకటే. ఎవరో ఒకావిడ పాట, పక్కన మృదంగం. ఆ పాట వీడు మూడేళ్లుగా రోజూ వింటున్నదే.

పాట మొదలైంది. అరకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయే, అలా అయింది వీడికి. ఆవిడ గొంతు ఎటునుంచి వస్తోందో తెలీడం లేదు. మృదంగానికి కింద ఉండాల్సిన బరువు లేదు. లేచాడు. పెట్టెల వైపు రెండడుగులు వేశాడు.

మళ్లీ ఆగి చేతిలో పత్రిక చూశాడు. "గొంతు ఒకచోట ఉండదు. గదంతా నిండిపోతుంది. గోడలు మాయమవుతాయి. బేసు ఎక్కడా డప్పు కొట్టుకోదు," అని ఉంది.

ఓహో, ఇదన్నమాట. వెనక్కొచ్చి కూచున్నాడు.

డాక్టరు గారు వచ్చి కళ్లు మూసుకుని విన్నారు. "గోడల్లేవు రాజూ."

"లేవు సార్. పేజీ అరవై రెండు."

"అచ్చం రాసినట్టే ఉందయ్యా."

పైడిరాజు మూలన టీ తాగుతున్న మాస్టారి వైపు తిరిగాడు. మూడేళ్ల కోపం తీరేలా, గట్టిగా, "పంపొచ్చు," అన్నాడు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. "డాక్టరు గారూ, పాడే ఆవిడ ఎక్కడ కూచుంది?"

డాక్టరు గారు చేతులు బారజాపారు. "అంతటా."

"అంతటా ఉండేది దేవుడొక్కడే. ఈవిడ మనిషి."

మాస్టారు లేచి ఎడం పెట్టె వెనక్కి వెళ్లారు. ఎర్ర తీగ తీసి నల్లదాని చోట పెట్టారు. నల్లది ఎర్రదాని చోట పెట్టారు. వచ్చి కూచున్నారు.

అప్పటిదాకా ఒక పెట్టె గాలిని తోస్తుంటే రెండోది లాగుతోంది. ఇప్పుడు రెండూ కలిశాయి. ఆవిడ వచ్చి పెట్టెల నడిమధ్య కూచుంది. మృదంగం దెబ్బ బల్ల చెక్కకి తగిలింది. చరణం ఎత్తుకునే ముందు ఆవిడ ఊపిరి తీసుకుంది. అది కూడా వినిపించింది.

"అరె," అన్నారు డాక్టరు గారు. "ఇక్కడే ఉందే."

పైడిరాజు మొహం కందిపోయింది. "మీకు ముందే తెలుసు," అన్నాడు మాస్టారితో. "తీగలు తిరగబడ్డాయని మొదట్నించీ తెలుసు. ఈయన ముందు నా పరువు తియ్యాలని నోరు మూసుకు కూచున్నారు."

"నువ్వు లేచావు కదా. చూసుకుంటావనుకున్నా."

"అవును, లేచాను. పాట మొదలవగానే తల పట్టేసింది. ఏదో తేడా ఉందని నాకూ తెలిసింది."

"తెలిసి?"

పైడిరాజు ఒళ్లో పత్రిక రెండు చేతులా పట్టుకుని అడ్డంగా చింపబోయాడు. మాస్టారు వాడి మణికట్టు పట్టుకున్నారు. ముసలి చెయ్యే గానీ పట్టు గట్టిది.

"దాన్నేం చెయ్యకు. ఆ రాసినాయన తన గదిలో కూచుని, తన చెవితో విన్నది రాశాడు."

పైడిరాజు చెయ్యి విదిలించుకున్నాడు. పత్రిక బల్ల మీదకి గిరాటేశాడు.

డాక్టరు గారికి ఇబ్బందిగా ఉంది. "పోన్లెండి, ఇప్పుడు బాగైంది కదా. ఆటో పిలవమంటారా, మాస్టారూ?"

"నన్నడక్కండి. ఈ జతకి మాట నాది కాదు."

డాక్టరు గారు పైడిరాజు వైపు చూశారు. వాడి చెవులు ఇంకా కాలిపోతున్నాయి. క్యాసెట్టు వెనక్కి తిప్పి, స్టూలు లాక్కుని పెట్టెలకి ఎదురుగా వేసుకున్నాడు.

"ఆగండి," అన్నాడు.

"ఎందుకయ్యా? బ్రహ్మాండంగా ఉంది."

"మీకుంది," అన్నాడు పైడిరాజు పళ్ల బిగువున. "నేనింకా వినలేదు."

కొట్లో ఉక్కపోత. ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. మాస్టారు లేచి వెళ్లి, గరగరమంటున్న ఫ్యాను కట్టేశారు.