గంపావారి కోడలు కాలేజీలో చేరింది

తుని రైలు గేటు అవతల గంపావారిల్లంటే తెలివికి పుట్టిల్లు. అలాగని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. "ఎవరేం చెప్పినా మనం అక్షరం పొల్లుపోకుండా చేస్తాం" అని అత్త పోలమ్మ లేని మీసం మెలేసేది. కొడుకు సన్యాసిరావు తలూపేవాడు. చిన్నకొడుకు సింహాద్రి ఇంకా గట్టిగా ఊపేవాడు.

సన్యాసిరావు పెళ్ళాం దమయంతికి మాత్రం ఒకటే కోరిక. పదో తరగతితో ఆగిపోయిన చదువు నలభై రెండో ఏట మళ్ళీ మొదలెట్టాలని. కమ్యూనిటీ కాలేజీల్లో ఏడాది బేకరీ కోర్సుందిట, వయసు అడ్డం కాదుట. ఫారాలకి శుక్రవారమే ఆఖరు. తప్పిందా, మళ్ళీ ఏడాది ఆగాలి.

ఊళ్ళో అలాంటి కాలేజీలు రెండు. దేన్లో చేరాలని పక్కింటి జోగారావు మాస్టార్ని అడిగారు.

"ఏది దగ్గరైతే అది. అడుగులు లెక్కెట్టుకుని మరీ చేరమ్మా" అన్నారాయన.

అంతే! మార్కెట్టు వెనక కాలేజీకి పోలమ్మ బయల్దేరింది. బైపాస్ అవతల కాలేజీకి సింహాద్రి. పోలమ్మ మోకాళ్ళ నొప్పులతో కోడిపిల్లలా నడిచి రెండువేల అడుగులు తెచ్చింది. సింహాద్రి గంతులేసుకుంటూ పోయి పంతొమ్మిదొందల యాభై తెచ్చాడు.

"వదినా, బైపాస్ కాలేజే యాభై అడుగులు దగ్గర!"

"మరి ఆటో అబ్బాయి అంత దూరం రానన్నాడే?"

"వాడికి లెక్కలు రావులేవే" అన్నాడు సన్యాసిరావు.

ఫారం తెచ్చారు. మాస్టారు గోడ మీంచి మళ్ళీ చెప్పారు. "ఒక్క గడి కూడా ఖాళీ వదలకండి. ఒరిజినల్ సర్టిఫికెట్టు ఎవరి చేతికీ ఇవ్వకండి."

ఇంకేముంది, నలుగురూ మంచమ్మీద చేరి నింపేశారు. అట్టడుగున ఇంకో గడి ఉంది. 'ఆఫీసు వారు నింపవలసినది. సీటు ఇవ్వనిచో కారణాలు.' కింద మూడు గీతలు.

"ఇది వాళ్ళదండీ" అంది దమయంతి.

"ఖాళీ వదలొద్దన్నారు కదే. కారణాలు చెప్పు" అన్నాడు సన్యాసిరావు.

దమయంతి నిజాయితీగా ఆలోచించింది. "నాకు లెక్కలు రావు."

"పొయ్యి దగ్గర కునికిపాట్లు పడతాది" అంది పోలమ్మ.

మూడో గీతకి అందరూ బుర్రలు పట్టుకున్నారు. "చేసినవి చేసినట్టే తినేస్తాది!" అన్నాడు సింహాద్రి. అమ్మయ్య అనుకున్నారు. ప్రిన్సిపాల్ సంతకం అని ఉన్నచోట సన్యాసిరావు వంకర్లు తిప్పి మరీ సంతకం పెట్టాడు.

శుక్రవారం బైపాస్ కాలేజీకెళ్తే ప్రిన్సిపాల్ మేడం సర్టిఫికెట్టు అడిగింది.

"ఇవ్వనండి" అంది దమయంతి.

"చూసి ఇచ్చేస్తానమ్మా."

"చూడండి. ఇవ్వను."

రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మేడం చెయ్యి చాపితే అటు, మళ్ళీ చాపితే ఇటు తిరిగింది. పాపం మేడమే దమయంతి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ చదువుకుంది. తర్వాత ఫారం తిరగేసింది.

"ఇదేంటమ్మా! మీకు సీటు లేదని మీరే రాసేసుకుని, నా సంతకం కూడా పెట్టేసుకున్నారు?"

దమయంతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మేడంగారూ, లెక్కలు నేర్చుకుంటాను. తినడం కూడా మానేస్తాను. కునుకు మాత్రం… మాటివ్వలేనండి."

మేడం పడీ పడీ నవ్వింది. "ఇంత నిజం రాసిన ఫారం ఇదే చూడ్డం" అని కొత్త ఫారం తీసి తనే నింపి, సీటిచ్చేసింది. "సోమవారం నించి క్లాసులు. డెబ్బై అయిదు శాతం హాజరుండాలి. తగ్గిందో, పేరు తీసేస్తాం."

ఇంటికొచ్చాక సన్యాసిరావు వేళ్ళు మడిచాడు. "డెబ్బై అయిదు శాతమంటే నాలుగింట మూడొంతులు. మనం నలుగురం. ముగ్గురెళ్తే సరిపోద్ది!"

"మరి నాలుగోవాళ్ళు?" అన్నాడు సింహాద్రి.

"వంట చెయ్యద్దా?" అంది పోలమ్మ.

వంటొచ్చింది దమయంతికొక్కదానికే. పేరు పోకూడదంటే తప్పదు. "మీరు ముగ్గురూ వెళ్ళండి. ఒక్కరోజు కూడా మానకండి, మీకు దణ్ణం పెడతాను" అంది.

సోమవారం ముగ్గురికీ క్యారేజీలు సర్ది, పుస్తకాలిచ్చి, ఆటో అబ్బాయిని బతిమాలి ఎక్కించింది. గుమ్మంలోకొచ్చిన పెరుగమ్మే ఆమె అడిగింది, "ఏంటమ్మా, ఇంటిల్లిపాదీ ఎక్కడికి?"

దమయంతి చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిటారుగా నిలబడింది.

"ఇవాళ్టి నించి నేను కాలేజీకెళ్తున్నానే!"