అటు కుర్చీ

హైమావతి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు ఓ పని పురమాయించేవారు. కుర్చీలు సర్దమనో, టీ కప్పులు కడగమనో, డాబా మీద ఆరేసిన దుప్పట్లు తెమ్మనో. పని అయ్యేలోగా సగం మంది ప్రశ్నే మరిచిపోయేవారు. మిగిలిన సగానికీ జవాబు దానంతటదే దొరికేదని ఆవిడ శిష్యులు గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ మాట మరీ అంత నమ్మనక్కర్లేదు. కప్పులు మాత్రం ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేవి.

కాకినాడలో ఓ బట్టల కొట్టు మీది వాటాలో ఉండే 'వింటున్నాం' అనే సంస్థకి ఆవిడ పెద్దదిక్కు. మనసు బాగోలేని కుర్రకారు ఫోన్లో ఆ సంస్థ పేజీ తెరిచి తమ గోడు రాసుకుంటారు. ఇవతల ఓ వాలంటీరు కూర్చుని జవాబు రాస్తారు. పేరు అడగరు, ఊరు అడగరు. అవతలివాళ్ళు పేజీ మూసేస్తే ఇవతల తెర మీద 'ఎదుటివారు వెళ్ళిపోయారు' అన్న ముక్క కనిపిస్తుంది. ఆ తరవాత వాళ్ళేమయ్యారన్నది ఇవతలివాళ్ళకి ఎప్పటికీ తెలియదు. జీతం లేని ఈ కొలువుకి కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు, పాతవాళ్ళు మానేస్తూనే ఉంటారు.

ఆ ఆదివారం మానేద్దామని వచ్చినామె ప్రసూన. కంటి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. పగలంతా అక్కడ నిలబడి, సాయంత్రాలు ఇక్కడ కూర్చుని, మూడేళ్ళుగా ఊరి పిల్లల దిగులంతా వింటూ వచ్చింది. ఈమధ్య ఫోను టింగుమంటే చాలు, ఒళ్ళు బరువెక్కిపోతోంది. దానికి తోడు పోయిన వారం ఒక హాస్టలు పిల్ల వచ్చింది.

'ఎవరితోనూ మాట్లాడాలని లేదు. బాగా అలిసిపోయానక్కా' అని రాసిందా పిల్ల. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగి తీరాలన్నది అక్కడి నియమం. ప్రసూన అడిగింది. అదేం లేదంది పిల్ల. ఏడుపు ఆగట్లేదంది. అప్పటికి ప్రసూన బుర్ర మొద్దుబారిపోయి ఉంది. ఒక్క మంచిమాట తోచలేదు. 'కాసిని మంచినీళ్ళు తాగుతావా?' అని రాసింది. మరుక్షణం తెర మీద ఆ ముక్క కనిపించింది, ఎదుటివారు వెళ్ళిపోయారని. ఆనాటి నుంచి ఆమెకి తిండి సయించడం లేదు, నిద్ర సరిగా లేదు. కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కుతున్న పిల్లని మంచినీళ్ళు తాగమన్నాను కదా అని ఒకటే కుమిలిపోతోంది.

"వాళ్ళేమయ్యారో తెలియనప్పుడు, మనం చేసింది పనికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అంది హైమావతి గారితో. "గోడతో మాట్లాడినట్టుంది. ఇంక నా వల్ల కాదండీ."

హైమావతి గారు హాల్లో కూర్చున్న కొత్తవాళ్ళ కేసి చూశారు.

"మానేద్దువు గానిలే. కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు. వెళ్ళేముందు కాస్త అటు కుర్చీలో కూర్చో" అన్నారు.

అటు కుర్చీ అంటే ఆ సంస్థలో ఓ ఆనవాయితీ. కొత్తగా చేరదలచినవాళ్ళని హాల్లో ఇటు కుర్చీలో, ఫోను ముందు కూర్చోబెడతారు. వెనక గదిలో ఇంకో కుర్చీ ఉంటుంది. పాతవాళ్ళెవరో అందులో కూర్చుని, కష్టంలో ఉన్న పిల్లలాగా వాళ్ళకి రాస్తారు. ఉత్తుత్తిదే. అయినా ఆ పూట చెమటలు పట్టనివాళ్ళు లేరు.

ప్రసూన వెళ్ళి కూర్చుంది. పొద్దుటి డ్యూటీ నుంచి సరాసరి వచ్చింది. తినబుద్ధి కాని క్యారియరు చేతిసంచీలోనే ఉంది. కొత్త కష్టం కల్పించే ఓపిక లేక హాస్టలు పిల్ల మాటలే రాసింది, ఎవరితోనూ మాట్లాడాలని లేదు, బాగా అలిసిపోయానని.

మొదటి కుర్రాడు చురుకైనవాడు. 'ఓటమి విజయానికి తొలి మెట్టు' అని రాశాడు, దాని పక్కన ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ కూడా పెట్టాడు. రెండో ఆయన రిటైరైన హెడ్మాస్టరు. 'అలసటకు కారణం క్రమశిక్షణ లేకపోవడం. నీకు ఇంటర్మీడియట్లో ఎన్ని మార్కులు?' అన్నాడు. ప్రసూన ఇద్దరికీ దణ్ణం బొమ్మ పెట్టి ముగించేసింది. పాపం, వాళ్ళని అని ఏం లాభం, మొదట్లో తనూ అలాంటి మాటలే రాసేది.

మూడో ఆవిడ పేరు జోసఫిన్. ఇద్దరు కాలేజీ పిల్లల తల్లి. ప్రసూన మళ్ళీ అవే మాటలు రాసింది. మూడోసారికి అవి ఆ పిల్ల మాటలో తన మాటలో ఆమెకే తెలియలేదు. వేళ్ళు వాటంతటవే రాసుకుపోయాయి. రోజూ ఎవరి బాధో వింటున్నాను, ఇంటికెళ్తే గొంతు పెగలడం లేదు, నవ్వొచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు అంటూ, హాస్టలు పిల్ల రాయనివి కూడా చాలా రాసింది.

అవతల ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి. మళ్ళీ కదిలాయి. జోసఫిన్ రాసి చెరిపేస్తోందని ప్రసూనకి తెలుసు. ఆ చెరిపేయడం తనకి కొత్తా ఏమిటి? కానీ అటువైపు కూర్చుని ఆ చుక్కలకేసి చూస్తూ ఉండటం కొత్త. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

చివరికి జవాబు వచ్చింది. 'పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా తల్లీ?'

ప్రసూనకి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. తనని ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నాళ్ళయింది! పేజీ మూసేసి, సంచీలోంచి క్యారియరు తీసుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. పెరుగన్నం, మాగాయ ముక్క. అన్నం కాస్త పులిసింది. అయినా గిన్నె అడుగు కనిపించేదాకా తింది. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. వారం రోజుల తరవాత కడుపు నిండా తిన్న మనిషికి ఇంకేం గుర్తుంటుంది? హాల్లో ఒకావిడ జవాబు కోసం చూస్తోందన్న సంగతే మరిచిపోయింది.

లోపల కలకలం వినిపించి లేచింది. క్యారియరు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి జోసఫిన్ పమిట చెంగుతో మొహం తుడుచుకుంటోంది.

"తప్పయిపోయిందండీ. ఆ పిల్ల అంత బాధ చెప్పుకుంటుంటే నేను తిండి సంగతి ఎత్తాను. ఛీ, ఏం మనిషిరా అనుకునుంటుంది. వెళ్ళిపోయింది. ఈ పని నాకు చేతకాదండీ, నేనెళ్ళిపోతాను."

"ఇది పరీక్షేనమ్మా. అవతల పిల్లా లేదు, జెల్లా లేదు" అన్నాడు హెడ్మాస్టరు.

"పరీక్షయితే మాత్రం అండీ? రేపు నిజం పిల్లయితే? ఏమైపోయిందో నాకెలా తెలుస్తుంది?"

గుమ్మంలో ప్రసూన తడి క్యారియరుతో నిలబడిపోయింది. తన ప్రశ్నే. మాటలు కాస్త అటూ ఇటూ అయినా తన ప్రశ్నే. హైమావతి గారు ఆమె వైపు తిరిగారు.

"ఏమైందో నువ్వే చెప్పు ప్రసూనా."

"అన్నం తిన్నానండీ" అంది ప్రసూన.

జోసఫిన్ తెల్లబోయి చూసింది. తరవాత కోపం వచ్చింది ఆవిడకి. రాదూ మరి? "అయితే ఒక్క ముక్క చెప్పి వెళ్ళకూడదటండీ? ఇక్కడ నా ప్రాణం పోయిందనుకోండి!"

"చెప్పాలని తోచలేదండీ. నిజంగా తోచలేదు."

అని, ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది. తరవాత ఎవరూ చెప్పకుండానే బల్ల మీద టీ కప్పులన్నీ పోగుచేసి తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. హైమావతి గారు కూడా మెల్లగా వచ్చి, మోకాళ్ళు పట్టుకుని, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. దగ్గరగా చూస్తే ఆవిడ కళ్ళ కింద కూడా నల్లగా ఉంది. మూడేళ్ళలో ఎప్పుడూ అది గమనించలేదు ప్రసూన.

"అయితే ఆ హాస్టలు పిల్ల కూడా మంచినీళ్ళకే వెళ్ళిందంటారా?" అని అడిగింది, కప్పు మీంచి చూపు ఎత్తకుండా.

హైమావతి గారు ఈసారి పనేమీ పురమాయించలేదు.

"ఏమోనమ్మా" అన్నారు. "ఇన్నేళ్ళలో, వెళ్ళిపోయాక ఏమైందో నాకు తెలిసిన పిల్లవి నువ్వొక్కదానివే."