సింహాసనానికి పైడమ్మ పూచీ

ఒకానొక రాజ్యంలో, వెన్నేటి ఒడ్డున, అనంగభూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. తాను పెట్టిన చట్టాలంటే మాత్రం ఆయనకు వల్లమాలిన మురిపెం.

వాటిలో ఆయన మరీ మురిసిపోయేది పోయినవాళ్ళ ఆస్తి గురించిన చట్టం. ఎవరైనా కన్నుమూస్తే వారసులు అయిదు తాటాకులు తేవాలి. మనిషి పోయాడని కరణం రాసినది ఒకటి, పోయినవాడి ఆఖరి మాట ఒకటి, వారసుల పేర్లు ఒకటి, ఆస్తి జాబితా ఒకటి, నలభై రోజులు దండోరా వేసినా ఎవరూ అడ్డు చెప్పలేదని ఒకటి. అన్నీ కుదిరితే రాజుగారు తన ముద్రటుంగరం లక్క మీద నొక్కుతారు. అంతవరకూ ఆ ఆస్తిని ఎవరూ వేలితో తాకకూడదు. ఆ నొక్కడం కూడా ఏడాదికి ఒక్కసారే, ఆయన పుట్టినరోజున, మేళతాళాలతో!

రేవులో పడవ నడిపే నూకయ్య మాఘమాసంలో జ్వరంతో పోయాడు. భటులు వచ్చి అతని పడవను ఇసుక మీదికి లాగి, తాడు కట్టి, లక్క వేసి పోయారు. భార్య పైడమ్మ కాళ్ళరిగేలా తిరిగి అయిదు ఆకులూ సంపాదించింది. పుట్టినరోజుకు ఇంకా నాలుగు నెలలుంది. నీళ్ళలో ఉండాల్సిన పడవ అన్నాళ్ళు ఎండలో పడి ఉంటే వంటచెరకుకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ పడవ తప్ప ఆమెకు బతుకుతెరువు లేదు.

చివరికి కొంగు బిగించుకుని కొలువుకు వచ్చింది. అంత ఎత్తు స్తంభాలు ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తల ఎత్తి చూస్తూ అడగాల్సిన మాట కాసేపు మరిచేపోయింది.

"పడవెండిపోతంది బాబూ. అతుకులు ఇచ్చుకుంటన్నాయి. ముద్రెయ్యండి," అంది.

"పుట్టినరోజున వేస్తాం," అన్నాడు రాజు.

"పడవకి పుట్టినరోజులు తెలవవు కదా బాబూ!"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం ఎర్రబడింది. "చట్టం చట్టమే! నిన్న పోయినా పదేళ్ళ కింద పోయినా, బీదకైనా నాకైనా ఒకటే!"

కొలువులో బాచన అనే మాటకారి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, నోరు విప్పితే మాత్రం మంత్రులు సర్దుకుని కూర్చునేవారు. ఆ మాట వినగానే లేచి దణ్ణం పెట్టాడు. "ప్రభువులకైనా ఒకటే. రాసుకోమంటారా?"

"రాసుకో!" అన్నాడు రాజు.

బాచన పైడమ్మ పక్కనుంచి వెళుతూ, "రేపు పొద్దున్నే రా అమ్మా," అన్నాడు.

మర్నాడు రాజు సభకు వచ్చేసరికి సింహాసనం చుట్టూ తాడు, తాడు మీద లక్క! కిరీటానికీ అంతే, కత్తికీ అంతే. పక్కన బాచన తాటాకుల కట్టతో నిలబడి ఉన్నాడు.

"ఏమిటీ ఆగడం?"

"పెద్ద మహారాజావారు పోయి ఆరేళ్ళయింది ప్రభూ. వారి ఆస్తికి ఒక్క ఆకూ దాఖలు కాలేదు. తమరు తొడుక్కున్న పాదుకలు కూడా నేను రాత్రి రాసిన జాబితాలో ఉన్నాయి."

రాజు గబుక్కున పాదుకలు విడిచాడు. రాజు నిలబడ్డాడు కనుక సభంతా నిలబడింది. బాచన రమ్మన్నాడని పొద్దున్నే వచ్చిన పైడమ్మ రాజు ఒట్టి కాళ్ళనే చూస్తూ నిలబడింది. రాజుల అరికాళ్ళు కూడా నేలకే ఆనుతాయని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"నేను ఆయన కొడుకునని లోకమంతా ఎరుగును!"

"పైడమ్మ నూకయ్య భార్య అని రేవంతా ఎరుగును ప్రభూ."

రాజు పళ్ళు నూరాడు. "సరే. ఆకులు రాసి తే, ఇప్పుడే ముద్ర వేస్తాను!"

"ఏ ఉంగరంతో ప్రభూ? అది కూడా నాన్నగారిదే."

రాజు ఉంగరం తీశాడు, చూశాడు, ఆగిపోయాడు. ముద్ర పడితే తప్ప ఉంగరం తాకకూడదు. ఉంగరం తాకితే తప్ప ముద్ర పడదు. తన చట్టంలో తానే ఇరుక్కున్నాడు.

అప్పుడు బాచన గొంతు తగ్గించాడు. "నాన్నగారి ఆఖరి మాట దఫ్తరంలో దొరికింది. ఆరేళ్ళుగా ఎవరూ అడగలేదని ఎవరూ విప్పలేదు. చదవమంటారా?"

రాజు తల ఊపాడు. బాచన దారం విప్పి చదివాడు.

"ముద్రటుంగరం నా కొడుక్కి. ఏడాది పిల్లవాడప్పుడు నా ఒళ్ళో కూర్చుని దాన్ని కొరికేవాడు. దాని అంచున వాడి పాలపళ్ళ గాట్లున్నాయి, చెరపనివ్వలేదు. ముద్ర వేసేటప్పుడల్లా అవి చూసుకొమ్మనండి. ఎదుట నిలబడ్డవాళ్ళు కూడా ఎవరో ఒకరి ఒళ్ళో పెరిగినవాళ్ళే."

రాజు ఉంగరాన్ని వెలుతురుకు తిప్పాడు. అంచున రెండు చిన్న గాట్లు. ఆరేళ్ళుగా వేలికి ఉన్నా ఆయన ఏనాడూ చూడలేదు. ఆయన కళ్ళు నిండాయి. పైడమ్మ చేతులు జోడించింది. పోయిన మనిషి ఇంతమంది మధ్యకు వచ్చి కొడుకుతో మాట్లాడి వెళ్ళాడు, ఒక ఎండుటాకు పట్టుకుని!

"ఈ ఆకులన్నీ ఇందుకే ప్రభూ," అన్నాడు బాచన. "పోయినవాళ్ళ మాట చెడకూడదని. ఉన్నవాళ్ళ నోటికాడ కూడు ఆపడానికి కాదు."

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "చట్టం మార్చి రాయి. ఆకులు కుదిరిన రోజే ముద్ర. అంతవరకూ వారసులు ఆస్తిని వాడుకోవచ్చు, అమ్మకూడదు. అమ్మరని ఒకరు పూచీ ఉండాలి."

బాచన రాసి తలెత్తాడు. "మరి తమరు సింహాసనం అమ్మరని పూచీ ఎవరు ప్రభూ?"

మంత్రులు ముఖముఖాలు చూసుకున్నారు. రాజుకు పూచీ ఉండేంత గొప్పవాడెవడు?

"నేనుంటాను బాబూ," అంది పైడమ్మ.

రాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని, స్తంభాలు మారుమోగేలా నవ్వాడు. తన పట్టుశాలువా తీసి బాచనకు కప్పాడు. పైడమ్మ పూచీ మీద సింహాసనమెక్కి, మొట్టమొదట ఆమె ఆకు మీదే ముద్ర నొక్కాడు.

పైడమ్మ రేవుకు వెళ్ళి పడవను నీళ్ళలోకి తోయించింది. మూడు రోజులు నానితే చెక్క ఉబ్బి అతుకులు మూసుకుంటాయి. ఆ మూడు రోజులూ ఆమె ఒడ్డున కూర్చుని వచ్చినవాళ్ళందరికీ తన ఆకు చూపించింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. లక్క అంచున వేలు పెట్టి, "ఇదిగో చూడండర్రా, ఇక్కడ! మా రాజుగోరి పాలపళ్ళు," అనేది.