నెమలి ఆటతో గెలిచిన ఇసుక గుంట

అనగనగా ఒక అడవి, ఆ అడవికి గుబురయ్య అనే ఎలుగుబంటి పెద్ద. అందరూ కలిసి ఉండే పాత గుహ కూలిపోయింది. పిల్లాజెల్లాతో ఆరుబయట పడ్డారు. వానలు మొదలయ్యేలోగా కొత్త చోటు చూసుకోవాలి.

గుబురయ్యకు తేనె మీద ఉన్న శ్రద్ధ పెద్దరికం మీద లేదు. ఆ రోజు కూడా తేనెపట్టు కిందే మూతి నాకుతూ కూర్చున్నాడు.

"ఇల్లు మారాలంటే మీరెలా తేల్చుకుంటారే?" అని ఒక తేనెటీగను అడిగాడు.

"చోటు చూసొచ్చిన ఈగ నాట్యం చేసి చెబుతుంది. అప్పుడు మిగతావి..."

"నాట్యమా! భలే!" అంటూ గుబురయ్య లేచి పరుగందుకున్నాడు.

"ఆగవయ్యా! మిగతావి కూడా వెళ్ళి, కళ్ళారా చూసొచ్చాకే ఒప్పుకుంటాయి!" అని ఈగ వెనక నుంచి అరిచింది. వినిపించుకుంటే కదా!

వెంటనే సభ పెట్టాడు. "ఇది తేనెటీగల పద్ధతి! ప్రకృతి నేర్పిన ప్రజాస్వామ్యం! చోటు చూసొచ్చినవాళ్ళు నాట్యం ఆడి చూపించండి!" అని ఛాతీ విరుచుకుని చెప్పాడు.

ముందు ముళ్ళపంది కొండవాలు గురించి ఆడింది. పక్కవాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి. తర్వాత ఉడుము రాతిగట్టు గురించి ఆడింది. సగం సభ ఆవలించింది. చివరికి నెమలి పురి విప్పి, వాగు పక్కన ఉన్న మెత్తటి ఇసుక గుంట గురించి ఆడింది. సభ సభంతా ఊగిపోయింది.

"ఒక్కసారి వెళ్ళి చూసొద్దామయ్యా. మన పిల్లను ఉంచేది అక్కడే కదా," అంది గుబురయ్య భార్య నల్లమ్మ.

"ఇంత చక్కగా ఆడాక ఇంకా చూడ్డమేంటే? నెమలి ఏమనుకుంటుంది? పైగా ఎండ మండిపోతోంది," అని కసిరాడు గుబురయ్య.

ముందుకాళ్ళన్నీ పైకి లేచాయి. ఇసుక గుంట గెలిచింది. అందరూ అక్కడే కాపురాలు పెట్టారు.

మొదటి పెద్ద వానకే వాగు పొంగి గుంటలోకి దూకింది. గుబురయ్య కూతురు బొద్ది కొట్టుకుపోతుంటే, నల్లమ్మ దూకి మెడ పట్టుకుని ఒడ్డుకు లాగింది. పిల్ల దక్కింది గానీ, ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

గుబురయ్య తడిసి వణుకుతూ తలెత్తి చూశాడు. ఎత్తైన మద్దిచెట్టు కొమ్మ మీద నెమలి ఈకలు సర్దుకుంటోంది.

"ఇదా నువ్వు చెప్పిన చోటు? నీళ్ళొస్తాయని తెలీదా నీకు?" అని అరిచాడు.

"నాకెలా తెలుస్తుంది పెద్దయ్యా? నేను పడుకునేది చెట్టు మీద కదా," అంది నెమలి. "ఇంతకీ నా నాట్యంలో ఏమైనా లోపముందా?"

గుబురయ్య సిగ్గుతో తల దించుకుని, కూతుర్ని వీపున వేసుకుని, ఆ వానలోనే కొండవాలు చూడ్డానికి బయల్దేరాడు.

నీతి: ఎవరెంత బాగా ఆడి చూపించినా, ఒప్పుకునే ముందు చోటు చూసి రావాలి. రేపు అక్కడ ఉండాల్సింది ఆడినవాళ్ళు కాదు, మనం.