పేరిందేవమ్మగారి తడిచీర

ఇటు తిరిగి పడుకో. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నాను.

అనగనగా గోదావరి లంకల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరిందేవమ్మగారని ఒకావిడ. ఎనభై దాటినా ఇంట్లో వంట ఆవిడదే. రోజూ నూతి దగ్గర స్నానం చేసి, మడి కట్టుకుని, వంటయ్యేదాకా ఎవర్నీ తాకనిచ్చేది కాదు. కోడలు శేషారత్నం బంగారంలాంటి పిల్ల. కానీ ఆ నూతి చప్టా మీద ఆ పిల్ల అడుగు పెట్టకూడదు. చప్టా నిండా పాచి. తోముతానంటే అత్తగారు ఒప్పుకోదు. ఆవిడ కళ్ళకేమో పాచి కనిపించదు.

వానాకాలం వచ్చింది. దండెం మీద మడిచీర ఆరడం లేదు. అప్పుడు ఆవిడ తడిచీరే చుట్టుకుని, బిందె చంకన పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. తడిచీర కాళ్ళకి చుట్టుకోదూ!

ఒకరోజు చప్టా మీద కాలు జారింది. ఎలాగో గిలక స్తంభం పట్టుకుని నిలదొక్కుకుంది. రత్నం పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించింది.

"ముట్టుకోకే, మడి!" అంది ఆవిడ.

ఆ తర్వాత ఇంకోరోజు దొడ్డిగుమ్మం దగ్గర తూలింది. ఈసారి రత్నం ఆగలేదు, జబ్బ పట్టేసుకుంది. అంతే, ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. మళ్ళీ చన్నీళ్ళు పోసుకుని, మళ్ళీ పొయ్యి అలికి, మధ్యాహ్నందాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. చలికి పెదాలు నల్లబడిపోయాయి. రత్నం ఏడ్చింది. ఇంక ఈ మనిషిని ముట్టుకోకూడదు అనుకుంది.

నాకు ఆవిడ మీద ఇప్పటికీ కోపమే. పడబోయేవాళ్ళకి మడేమిటే?

ఆ తర్వాత చప్టా మీద నిజంగానే పడింది. బిందె ఒకవైపు, ఆవిడ ఒకవైపు.

"రత్నం, లేవదియ్యవే" అని పిలిచింది. అలా పిలవడం అదే మొదలు.

రత్నం గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. తను కట్టుకున్నది మడిచీర కాదు. ముట్టుకుంటే అత్తగారు మళ్ళీ నీళ్ళు పోసుకోవాలి, మళ్ళీ పస్తుండాలి.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ, స్నానం చేసి వస్తున్నా" అని పంపు దగ్గరికి పరుగెత్తింది.

ఆవిడకి ఆగడం తెలియదు. నూతి గోడ పట్టుకుని తనే లేవబోయింది. సగం లేచి మళ్ళీ అదే పక్కకి పడింది. రత్నం తడిచీరతో వచ్చేసరికి తుంటి విరిగిపోయింది.

విరిగితే కట్టు కడతారు కదా అంటావు. కడతారమ్మా. కానీ ఆ వయసులో తుంటి విరిగిందంటే మంచం దిగడం కష్టం. ఆవిడా దిగలేదు. ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి. ముట్టుకోవద్దన్న మనిషిని పక్కకి తిప్పడానికి ముగ్గురు కావలసి వచ్చింది. రత్నం చెయ్యి పట్టుకుందంటే మాత్రం వదిలేది కాదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా వదిలేది కాదు. మడి మాటే ఎత్తలేదు.

దీపావళి రాకముందే పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో రత్నం ఒకటే మాట చెప్పేది.

"ఆవిడ పస్తుంటారని స్నానానికి వెళ్ళానండీ."

 

కథ కంచికి చేరింది,
గూట్లో దీపం ఆరింది,
బుజ్జి కన్ను సోలింది,
చెయ్యి నా చేతిలో ఒదిగింది.