ఏటి లోతు పలక

ఒక ఏటి లోతు చాలాకాలం కోటలో రహస్యంగా ఉండేది. రేవులో పాతిన కోల మీది గీతలు చూసి వచ్చినవాడు రాజు చెవిలో మాత్రమే చెప్పేవాడు. శత్రువు దాటివస్తాడని భయం. శత్రువు రానేలేదు. దాటబోయిన సొంత జనమే ఏటేటా కొట్టుకుపోయారు.

తరువాత వచ్చిన రాజు వేరే రకం మనిషి. "ఏరు అందరిదీ అయినప్పుడు దాని లోతు నా ఒక్కడిదే ఎలా అవుతుంది? అందరికీ చూపండి. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోనివ్వండి" అన్నాడు.

చూపే పని వడ్రంగికి అప్పజెప్పారు. ఈ వడ్రంగి గురించి ఒక మాట చెప్పాలి. అతను ముందు ఉయ్యాలలు చేశాడు, తరువాత తలుపులు చేశాడు. ఏది చేసినా పక్క ఊరివాళ్ళు చూసి, అచ్చం అలాంటిదే తమకూ కావాలనేవారు. అందుకే అతనికి ఒకే వస్తువు పదే పదే చేయడం అలవాటు. అతను ఒక చట్రం చేశాడు. పైన లతలు, కింద ఊరి పేరు, నడుమ ఒక పలక దూర్చే గాడి. పలకలు తలుపు రెక్కంత పెద్దవి. ఒకదాని మీద మోకాళ్ళదాకా నీళ్ళున్న మనిషి బొమ్మ, ఒకదాని మీద మొలదాకా, ఒకదాని మీద పీకదాకా. చదువు రానివాడికీ తెలుస్తుంది, ఏటి అవతలినుంచీ కనిపిస్తుంది. ఊరూరికీ అదే చట్రం చేసిచ్చాడు.

రోజూ పొద్దున్నే రేవులో ఒక మనిషి కోల చూసి, చట్రంలో పలక దూర్చి, డప్పు కొట్టేవాడు. అవతలి ఒడ్డున సంత దగ్గర తమలపాకులు అమ్మేవాడు అది చూసి తన చట్రంలో అదే పలక పెట్టేవాడు. అతన్ని చూసి దిగువ ఊరు, ఆ ఊరిని చూసి దాని కింది ఊరు. గేదెలవాళ్ళు దాన్నిబట్టి మడుగు ఎంచుకునేవారు, పెళ్ళివారు పల్లకి ఎక్కడ దాటించాలో చూసుకునేవారు. ఒక జోస్యుడు దాన్నిబట్టి జాతకాలు కూడా చెప్పేవాడు, అవి కొన్ని నిజమయ్యేవి కూడా. ఇంతమంది తీసుకున్నా తరగని సొత్తు ఇదొక్కటే అని రాజు మురిసిపోయాడు. మురవడంలో తప్పేమీ లేదు. ఆ ఏడు ఎవరూ కొట్టుకుపోలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం కోల చూసేవాడి భార్య చాపలు అమ్ముకోవడానికి ఏరు దాటి సంతకు పోయింది. అప్పుడు మోకాలిలోతు. మధ్యాహ్నానికి ఇక్కడ ఎండ కాస్తూనే ఉంది గాని, ఎగువ కొండల మీద నల్లగా కమ్ముకుంది. ఏరు ఎర్రబడింది. కోల మీద నీరు మొల గీత దాటి పైకి పోతోంది. అతను గబగబా పీకలోతు పలక దూర్చి డప్పు కొట్టాడు.

అవతల తమలపాకులవాడు తలెత్తి చూశాడు. "ఇదేంటి? ఇవాళ్టి పలక పొద్దున్నే వచ్చిందిగా?"

పక్కన గేదెల బేరగాడు నవ్వాడు. "రేపటిది ముందే పెట్టేసుంటాడు. పెళ్ళాం సంతకొచ్చింది కదా, వంట అతనిదే. తొందరగా ఇంటికి పోవద్దూ?"

రోజుకొక పలక. ఎప్పుడూ అలాగే చూశారు. తమలపాకులవాడు చట్రంలో మోకాలి పలక అలాగే ఉంచి, తన పీకలోతు పలక బయటికి తీసి, దుమ్ము తుడిచి, రేపటి కోసం పక్కన పెట్టుకున్నాడు.

సంత ముగిసింది. మిగిలిన చాపల కట్ట నెత్తిన పెట్టుకుని ఆమె రేవులోకి వచ్చింది.

"నీళ్ళు ఎర్రగా ఉన్నాయన్నా. అవతల పీకలోతు పెట్టాడు కూడా."

"అది రేపటిదిలే చెల్లెమ్మా. ఇవాళ్టికి మోకాలే" అన్నాడు గేదెల బేరగాడు. "ఈ మోకాలి పలక మాత్రం ఎవరిది చూసి పెట్టాం? మా బావదే కదా! మొగుడి మాట మీద నమ్మకం లేదా?"

జనం నవ్వారు. ఆమె చెంగు దోపుకుంది.

ఇవతల కోల చూసేవాడు డప్పు పగిలేలా కొడుతున్నాడు. చేతులు ఊపుతున్నాడు. ఏటి హోరులో అరుపు వినిపించలేదు.

"పిలుస్తున్నాడు, కదులు చెల్లెమ్మా" అంటూ బేరగాడు తన గేదెను ముందు తోలాడు. ఆమె నీళ్ళలో కాలు పెట్టింది.

అది చూసి అతను చట్రంలోంచి పలక ఊడబెరికి, నెత్తిమీదికెత్తి ఊపుతూ నీళ్ళలోకి పరుగెత్తాడు. వెనకాల చట్రం బోసిగా నిలబడింది.

తమలపాకులవాడు అలాంటిది ఎన్నడూ చూడలేదు. రాజుగారి చట్రమే ఖాళీ అయితే తనది నిండుగా ఉంచడం ఏ నేరమవుతుందోనని భయపడి తన పలకా లాగేశాడు.

వెనక వస్తున్నవాడెవడో ఆ లతల మధ్య ఖాళీ చూసి ఆగిపోయాడు. "ఒరే, లోతెంత?"

"తెలీదు!" అన్నాడు తమలపాకులవాడు.

ఆ ఒడ్డున ఆ మాట ఎవరైనా విని చాలాకాలమైంది. అందరూ ఒక్కసారిగా ఏటివైపు చూశారు. ముందుపోయిన గేదె కొమ్ములదాకా మునిగింది. కొమ్ములు ఒకసారి తిరిగాయి, ఆ తరువాత అవీ లేవు. బేరగాడు ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. చాపలు విచ్చుకుని దిగువకు పోయాయి.

పొద్దు వాలేసరికి హోరు కాస్త తగ్గినట్టు అనిపించింది. ఇవతల మళ్ళీ ఒడ్డెక్కిన అతను కోల చూసి, మొలలోతు పలక దూర్చి డప్పు కొట్టాడు. అవతలా మొలలోతు పలక వెలిసింది. కాని ఎవరూ దిగలేదు. ఆమె నీటి అంచుకు వచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఎప్పటిదయ్యా అదీ?"

"ఇప్పటిదే!" అని గొంతు చించుకుని అరిచాడు.

అరిచి, వెనక్కి తిరిగి కోల చూశాడు. నీరు ఆ గీత దగ్గర లేదు, దాటి పైకి పాకుతోంది.

అవతల ఆమె అతని మాట విని, కుచ్చెళ్ళు పైకి ఎగదోపుకుంటోంది.